అమెరికా పౌరసత్వం వచ్చాక ఏ కాగితం ముందు, ఏది తర్వాత: వరంగల్ కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

హన్మకొండ, కాజీపేట, నర్సంపేట, కరీంనగర్... ఎక్కడ చూసినా వీధికి ఒకరిద్దరైనా అమెరికాలో ఉన్నవాళ్లే. పదిహేను, ఇరవై ఏళ్ల కింద ఎంఎస్ చదవడానికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు గ్రీన్‌కార్డు దాటి పౌరసత్వం దాకా వచ్చారు. ఆ కబురు తెలియగానే ఇక్కడ ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మరి మన పాస్‌పోర్టు కూడా ఉంటది కదా?"

ఉండదు. మిగతా విషయాలన్నీ ఈ ఒక్క జవాబు నుంచే మొదలవుతాయి కాబట్టి దీన్ని ముందే స్పష్టంగా చెప్పుకుందాం. భారత రాజ్యాంగం 9వ అధికరణ, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా తమ ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఆ క్షణం నుంచే వాళ్లు భారత పౌరులు కారు. పౌరసత్వం వదులుకుంటున్నట్టు దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, పాస్‌పోర్టు బీరువాలో భద్రంగా ఉన్నా, దాని గడువు ఇంకా ఎనిమిదేళ్లు మిగిలి ఉన్నా తేడా ఏమీ లేదు. అమెరికాకు ద్వంద్వ పౌరసత్వంతో ఇబ్బంది లేదు. జర్మనీ కూడా 2024 జూన్ 27 నుంచి పాత పౌరసత్వం వదులుకోవాలనే షరతు తీసేసింది. కానీ వాళ్ల చట్టం మారినంత మాత్రాన మన చట్టం మారదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఈ చిక్కు సాధారణంగా రాదు, అక్కడ వాళ్లు భారత పాస్‌పోర్టు మీదే పని చేస్తారు. ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల కోసం, ఇక్కడ వాళ్ల పనులు చూసే అమ్మానాన్నల కోసం.

మొదటి మెట్టు: ప్రమాణం రోజు చేతికొచ్చే కాగితం

ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు, ఇంటర్వ్యూ, పరీక్ష అయ్యాక చివరి ఘట్టం ప్రమాణ స్వీకారం. ఆ రోజు గ్రీన్‌కార్డు వెనక్కి తీసుకుని, ఎన్-550 అనే నేచురలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇక మీదట మీ పౌరసత్వానికి మూలాధారం ఇదే.

ఫొటోలు దిగే హడావుడిలో చాలామంది దాన్ని మడతపెట్టి కవర్లో పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. అక్కడే కూర్చుని అక్షరం అక్షరం చదవండి. పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, పాత పౌరసత్వం ఏ దేశమని రాశారో చూడండి. తప్పు కనబడితే బయటికి రాకముందే అధికారికి చెప్పండి. ఇంటికి వెళ్లాక సవరణ అంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నెలల ఎదురుచూపు.

మనవాళ్లకు పుట్టిన తేదీతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బడిలో చేర్పించేటప్పుడు పంతులు వేసిన తేదీ టెన్త్ మెమోలో ఒకటి, ఇంట్లో చెప్పే అసలు తేదీ ఇంకొకటి. పాస్‌పోర్టు, వీసా, గ్రీన్‌కార్డు అన్నీ టెన్త్ మెమో తేదీ మీదే నడిచి ఉంటే ఎన్-400లోనూ అదే తేదీ రాయాలి. పౌరసత్వం వస్తోంది కదా, ఇప్పుడైనా అసలు తేదీకి మారుద్దామనుకుంటే మున్ముందు ప్రతి కాగితానికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

పేరు మార్పు కూడా ఇలాంటిదే. కోర్టులో జరిగే ప్రమాణ స్వీకారమైతే పేరు మార్చుకునే వీలుంటుంది. పొడవైన ఇంటిపేరు అక్కడివాళ్లకు నోరు తిరగడం లేదని కత్తిరించేవాళ్లు ఉన్నారు. మార్చుకోవడం మీ హక్కే. అయితే వరంగల్‌లో మీ పేరు మీద ఇల్లో, పొలమో, బ్యాంకు ఖాతానో ఉంటే, ఆ పాత పేరు మనిషి, ఈ కొత్త పేరు మనిషి ఒకరేనని రుజువు చేసే కోర్టు కాగితం ఎప్పటికీ దగ్గర ఉంచుకోవాలి. దాని సర్టిఫైడ్ కాపీలు ఒకటికి రెండు తీసి పెట్టుకోండి.

సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించవద్దు. స్కాన్ తీసి, ఒక కాపీ ఇంటికి పంపండి.

రెండో మెట్టు: అమెరికా పాస్‌పోర్టు, దానితో పాటు కార్డు

అమెరికాలో మన ఆధార్ లాగా అందరికీ ఒకే జాతీయ గుర్తింపు కార్డు లేదు. పౌరులకు దానికి దగ్గరగా ఉండేది పాస్‌పోర్టు కార్డు. పర్సులో పట్టే ఈ కార్డు పౌరసత్వానికి రుజువు, దేశంలోపలి విమాన ప్రయాణానికి గుర్తింపు. కెనడా, మెక్సికోల నుంచి రోడ్డు మీద తిరిగి రావడానికి పనికొస్తుంది. అంతర్జాతీయ విమానం ఎక్కడానికి మాత్రం చెల్లదు, హైదరాబాద్ రావాలంటే పుస్తకం ఉండాల్సిందే.

మొదటిసారి తీసుకునేవాళ్లు డీఎస్-11 ఫారం నింపి స్వయంగా వెళ్లాలి. చాలా పోస్టాఫీసుల్లో, కౌంటీ కార్యాలయాల్లో ఈ దరఖాస్తులు తీసుకుంటారు. ఫారం ముందే నింపండి కానీ సంతకం మాత్రం పెట్టకండి, అక్కడి అధికారి ఎదుటే పెట్టాలి. నేచురలైజేషన్ సర్టిఫికెట్ అసలు ప్రతి, దాని జిరాక్సు, డ్రైవింగ్ లైసెన్సు, దాని జిరాక్సు, రెండంగుళాల చదరపు ఫొటో ఒకటి తీసుకెళ్లాలి. పెద్దవాళ్లకు పుస్తకం ఫీజు 130 డాలర్లు, దరఖాస్తు తీసుకునే కార్యాలయానికి 35 డాలర్లు వేరుగా. కార్డు కూడా కావాలంటే మరో 30. త్వరగా కావాలంటే ఇంకో 60 డాలర్లు.

అసలు సర్టిఫికెట్ వాళ్ల దగ్గర పెట్టి రావడమంటే టెన్షన్‌గానే ఉంటుంది. పాస్‌పోర్టు ఒక కవర్లో, సర్టిఫికెట్ మరో కవర్లో వేరువేరు రోజుల్లో వస్తాయి. పాస్‌పోర్టు వచ్చింది, సర్టిఫికెట్ రాలేదని కంగారుపడకండి.

పాస్‌పోర్టు వచ్చాక సోషల్ సెక్యూరిటీ రికార్డులో పౌరులుగా మార్పు నమోదైందో లేదో చూసుకోండి. డ్రైవింగ్ లైసెన్సు సంగతి మీ రాష్ట్ర నిబంధనలను బట్టి.

పిల్లల విషయం ఇక్కడే చూసుకోవాలి. 18 ఏళ్లలోపు ఉండి, గ్రీన్‌కార్డుతో పౌరుడైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో అమెరికాలోనే ఉంటున్న పిల్లలకు తల్లిదండ్రులు ప్రమాణం చేసిన రోజే పౌరసత్వం దానంతట అదే వస్తుంది. 2000 నాటి చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. తల్లి లేదా తండ్రి నేచురలైజేషన్ సర్టిఫికెట్, పిల్లల గ్రీన్‌కార్డు, జనన ధ్రువపత్రం చూపి నేరుగా పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఆ జనన ధ్రువపత్రం వరంగల్ మహానగర పాలక సంస్థదైతే అందులో తల్లిదండ్రులిద్దరి పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయా అని ముందే చూడండి. తండ్రి పేరు ఇనిషియల్‌తో, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉండటం మామూలే. సవరణకు మీసేవలో దరఖాస్తు పెట్టే పని ఇక్కడి తాతయ్యకో, బాబాయికో అప్పజెప్పి ముందే పూర్తి చేయించండి.

నడుమ ఉండే ప్రమాదకరమైన వారాలు

ప్రమాణం అయింది, గ్రీన్‌కార్డు ఇచ్చేశారు. భారత పాస్‌పోర్టు చేతిలో ఉన్నా వాడకూడదు. అమెరికా పాస్‌పోర్టు ఇంకా రాలేదు. ఓసీఐ కార్డుకు (భారత మూలం ఉన్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే జీవితకాల వీసా లాంటిది) ఇంకా నెలలు పట్టొచ్చు. సరిగ్గా ఈ సమయంలో హన్మకొండ నుంచి ఫోన్ వస్తే, నాన్నను ఐసీయూలో పెట్టారని చెబితే, మనిషి కాళ్లూ చేతులూ ఆడవు. ఆ స్థితిలో పాత భారత పాస్‌పోర్టు పట్టుకుని విమానం ఎక్కేద్దామని అనిపిస్తుంది. ఆ పని మాత్రం వద్దు. విదేశీ పౌరసత్వం తీసుకున్నాక భారత పాస్‌పోర్టు వాడటం 1967 పాస్‌పోర్టు చట్టం కింద నేరం. తర్వాత సరెండర్ చేసేటప్పుడు ఆ ప్రయాణాలకు జరిమానా పడుతుంది. పైగా అమెరికాకు తిరిగి వెళ్లడానికి అది ఎందుకూ పనికిరాదు.

చేయాల్సింది ఇది. ఇంట్లో పెద్దవయసువాళ్లు ఉంటే ప్రమాణం చేసిన వారంలోనే, అదనపు ఫీజు కట్టి మరీ పాస్‌పోర్టుకు పెట్టేయండి. ప్రయాణం 14 రోజుల్లోపే ఉంటే అమెరికా పాస్‌పోర్టు ఏజెన్సీల్లో అత్యవసర అపాయింట్‌మెంట్ దొరుకుతుంది. దగ్గరి కుటుంబ సభ్యుల ప్రాణాపాయం, మరణం లాంటి సందర్భాలకు ప్రత్యేక సేవ ఉంది, దానికి ఆసుపత్రి ఇచ్చే లేఖ అడుగుతారు. ఆ లేఖ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, డాక్టరు సంతకంతో, ఇంగ్లిషులో రాయించి పంపే బాధ్యత ఇక్కడున్నవాళ్లది. పాస్‌పోర్టు చేతికొచ్చాక, ఓసీఐ లేకపోయినా భారత ప్రభుత్వ ఈ-వీసా మీద రావచ్చు. ఈ-వీసాతో దిగగలిగే విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఉంది. అదీ కుదరనంత అత్యవసరమైతే భారత కాన్సులేట్‌ను అత్యవసర వీసా అడగండి.

అమ్మానాన్నలు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొడుకు ప్రమాణ స్వీకారం ఫలానా తేదీ అని తెలిస్తే, గృహప్రవేశమో, చెల్లెలి పెళ్లో ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో పెట్టకండి. మేడారం జాతరకు తప్పకుండా రావాలని మొక్కు ఉంటే, ఆ తేదీలు చూసుకుని ప్రమాణానికి ముందో, అన్ని కాగితాలూ వచ్చాకో ప్రయాణం పెట్టుకోవడం మేలు.

మూడో మెట్టు: భారత పాస్‌పోర్టు సరెండర్

అమెరికా పాస్‌పోర్టు వచ్చిన వెంటనే భారత పాస్‌పోర్టు అప్పగించాలి. ముందు భారత ప్రభుత్వ పౌరసత్వ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి, ఆ ప్రింటుతో పాటు భారత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు కాపీ, నేచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ, చిరునామా రుజువు వీఎఫ్ఎస్ (కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా మీ రాష్ట్రం ఏ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో అక్కడికి పంపాలి. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు హ్యూస్టన్ కాన్సులేట్. కొన్నాళ్లకు రద్దు ముద్ర వేసిన పాస్‌పోర్టు, దానితో సరెండర్ సర్టిఫికెట్ తిరిగి వస్తాయి.

ఆ రద్దయిన పాస్‌పోర్టును పారేయకండి. మీరు ఒకప్పుడు భారత పౌరులని చెప్పే బలమైన రుజువు అదే. మీ ఓసీఐకి, రేపు అమెరికాలో పుట్టే మీ పిల్లల ఓసీఐకి కూడా దాని అవసరం పడుతుంది. పంపే ముందు పుస్తకంలో ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకోండి, పోస్టులో ఏమైనా జరిగితే అదే ఆధారం.

పిల్లల పేరు మీద భారత పాస్‌పోర్టు ఉంటే అదీ సరెండర్ చేయాలి. తల్లిదండ్రులవి మాత్రమే పంపి పిల్లలవి మరిచిపోవడం చాలా ఇళ్లలో జరుగుతోంది, ఓసీఐ దగ్గరికి వెళ్లాక అక్కడ ఆగిపోతుంది.

నాలుగో మెట్టు: ఓసీఐ కార్డు

ఓసీఐ పేరులో పౌరసత్వం అనే మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, పాస్‌పోర్టూ కాదు. ఎన్నిసార్లయినా వచ్చి వెళ్లేందుకు జీవితకాల వీసా, దానితో కొన్ని హక్కులు. ఓటు లేదు, ఎన్నికల్లో పోటీ లేదు, ప్రభుత్వ ఉద్యోగాల్లో పౌరులతో సమాన హక్కు లేదు. ఎన్నాళ్లున్నా విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నమోదు అక్కర్లేదు. దేశంలోపలి విమాన టికెట్లు, జాతీయ స్మారక కట్టడాల ప్రవేశ రుసుము మనవాళ్లతో సమానమే. జర్నలిజం, పరిశోధన, మత ప్రచారం, పర్వతారోహణ లాంటి పనులకు, నిషిద్ధ ప్రాంతాలకు వెళ్లడానికి 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. కాకతీయ యూనివర్సిటీలోనో, ఎన్ఐటీలోనో పరిశోధన చేయాలనుకునేవాళ్లు ఇది చూసుకోండి.

దరఖాస్తు ఓసీఐ సర్వీసెస్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రెండు భాగాలుగా ఉంటుంది. అచ్చం అలాంటి పేర్లతోనే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసి మరీ వివరాలు ఇవ్వండి. విదేశంలో దరఖాస్తు పెడితే ఫీజు 275 డాలర్లు, సర్వీసు ఛార్జీలు వేరు. ఇండియాలో ఉండి పెడితే 15,000 రూపాయలు. తెలంగాణలో ఉంటున్నవాళ్ల దరఖాస్తులు హైదరాబాద్‌లోని ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల ప్రాంతీయ రిజిస్ట్రేషన్ కార్యాలయం) చూస్తుంది, వరంగల్ నుంచి అక్కడికి వెళ్లి రావాల్సిందే.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఫొటో, సంతకం, పేరు దగ్గర. ఫొటో చదరంగా, లేత రంగు నేపథ్యంతో ఉండాలి. సంతకం అడ్డంగా మూడు వంతులు, నిలువుగా ఒక వంతు కొలతలో కత్తిరించాలి. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో కాస్త పెద్దగా సంతకం చేసి స్కాన్ తీస్తే సరిపోతుంది. సంతకం రాని పసిపిల్లలకు ఎడమచేతి బొటనవేలి ముద్ర.

ఇక పేరు. టెన్త్ మెమోలో ముందు ఇనిషియల్, తర్వాత పేరు. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి రాశారు. పెళ్లయ్యాక అమెరికా పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరింది. ఇప్పుడు ఏ పేరు రాయాలి? ప్రస్తుత అమెరికా పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలి, ఒక్క అక్షరం తేడా లేకుండా. పాత పేరును ఫారంలో అడిగిన చోట చూపించి, మార్పుకు కారణమైన కాగితం, అంటే వివాహ ధ్రువపత్రమో కోర్టు ఉత్తర్వో జతచేయాలి. పెళ్లి శుభలేఖ, ఫంక్షన్ హాలు ఆల్బమ్ ఇక్కడ చెల్లవు. పెళ్లి రిజిస్టర్ చేయించుకోని జంటలు ఈసారి వరంగల్ వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ పని పూర్తి చేసుకుని వెళ్లండి.

ఊరి విషయంలోనూ కంగారు పడతారు. పాత పాస్‌పోర్టులో "వరంగల్, ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది. మీ ఊరు ఇప్పుడు జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, ములుగులోనో ఉండొచ్చు. కొత్త జిల్లా పేరు మీ అంతట మీరు రాసి కొత్త తేడా తెచ్చుకోకండి, చేతిలో ఉన్న పత్రాల్లో ఉన్నదాన్నే అనుసరించండి.

అమెరికాలోనే పుట్టిన పిల్లలకు వాళ్ల జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల భారత మూలానికి రుజువు, తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం కావాలి. భారత మూలం లేని భార్య లేదా భర్తకైతే పెళ్లి రిజిస్టరై, రెండేళ్లు నిండి ఉండాలి.

ఐదో మెట్టు: ఇక్కడ వరంగల్‌లో సరిచేయాల్సినవి

ఓటరు జాబితాలో పేరు ఉండిపోతే, "ఉంటే ఉండనీ" అనుకోవద్దు. పౌరుడు కానివారి పేరు జాబితాలో ఉండకూడదు. ఫారం-7 ఇచ్చి తీసేయించాలి. ఇంటికి వచ్చే బీఎల్‌వోకు (పోలింగు బూత్ స్థాయి అధికారికి) అమ్మానాన్నలు నిజం చెప్పేయాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకూ ఓటు ఉందని విని ఫారం-6ఏ నింపేవాళ్లున్నారు, అది ఇంకా భారత పౌరులుగానే ఉన్నవాళ్లకు మాత్రమే.

రేషన్ కార్డులో పేరు ఉంటే తీయించండి. పాన్ కార్డు అలాగే ఉంచుకోవచ్చు, ఇక్కడ ఆదాయం ఉంటే అది కావాలి. బ్యాంకులో మాత్రం పౌరసత్వం మారిందని, ఓసీఐ వివరాలు ఇచ్చి కేవైసీ మార్పించండి.

ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, అది నివాసితులకు ఇచ్చే నంబరు. ఓసీఐ ఉన్నవాళ్లు దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉంటే ఆధార్ తీసుకోవచ్చు, దానికి పదేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి నాలుగు వారాల సెలవు మీద వచ్చి మీసేవ చుట్టూ తిరగడం దండగ.

పొలం సంగతి

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ గొడవలు తెచ్చేది ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఓసీఐ ఉన్నవాళ్లు ఇల్లు, ఫ్లాటు, ప్లాటు, దుకాణం కొనుక్కోవచ్చు. రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు మాత్రం కొనకూడదు. కొనడమే కాదు, బహుమతిగా కూడా తీసుకోకూడదు. భారత పౌరసత్వం ఉంచుకుని విదేశంలో స్థిరపడిన ఎన్ఆర్ఐలకూ ఇదే నిబంధన. పసుపు కుంకుమ కింద అమెరికాలో ఉన్న కూతురి పేరున రెండెకరాలు గిఫ్ట్ డీడ్ చేద్దామని తండ్రులు ఎంతో ప్రేమతో అనుకుంటారు. ఆ గిఫ్ట్ విదేశీ మారక నిర్వహణ చట్టం కింద చెల్లదు, కూతురికి మేలు చేయబోయి ఆమెను చిక్కుల్లో పెట్టినట్టవుతుంది.

వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకే తండ్రి బతికుండగా గిఫ్ట్ డీడ్‌కు బదులు స్పష్టమైన వీలునామా రాసి రిజిస్టర్ చేయించడం మంచి దారి. తదనంతరం విరాసత్ ద్వారా పట్టా మారుతుంది. భారత పౌరులుగా ఇక్కడ ఉన్నప్పుడు కొన్న పొలం కూడా పౌరసత్వం మారినంత మాత్రాన పోదు, ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇండియాలో నివసించేవాళ్లకే అమ్మాలి. అన్నదమ్ములిద్దరూ అమెరికాలోనే ఉంటే ఒకరి వాటా పొలాన్ని ఇంకొకరు కొనుక్కోలేరు. ఆ పంపకం ముందే ఆలోచించుకుని వీలునామాలోనే ఎవరికేదో రాయిస్తే అన్నదమ్ముల మధ్య మాట రాదు.

ఇక్కడికి రాలేక జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) ఇస్తే, దాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయాలి లేదా అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) వేయించాలి. అది ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అన్ని అధికారాలూ ఇచ్చే జీపీఏ కాకుండా, ఏ సర్వే నంబరు, ఏ పని అని ఒక్కదానికే పరిమితం చేసి రాయించండి. బావమరిది మీద నమ్మకం ఉండొచ్చు, అయినా కాగితంలో హద్దులు రాసి ఉంటే ఇద్దరికీ మంచిది. ఇల్లో, ప్లాటో అమ్మితే కొనేవాళ్లు మామూలు ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కాకుండా విదేశంలో ఉన్న అమ్మకందారులకు వర్తించే రేటు పట్టుకోవాలి. ఈ సంగతి బేరం దగ్గరే చెప్పేయండి. ఆ డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతాలో) పడ్డాక ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు, దానికి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి.

తర్వాత పాస్‌పోర్టు మారినప్పుడు

అమెరికా పాస్‌పోర్టు పెద్దలకు పదేళ్లు, 16 ఏళ్లలోపు పిల్లలకు ఐదేళ్లు. అది మారిన ప్రతిసారీ ఓసీఐ కార్డు మళ్లీ తీసుకోనక్కర్లేదు. 20 ఏళ్లలోపు ఓసీఐ పొందినవాళ్లు, 20 నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్టు మీద ఒక్కసారి కొత్త కార్డు తీసుకోవాలి. 20 నిండకముందు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, 50 నిండాక ఒకసారి, కొత్త పాస్‌పోర్టు కాపీ, తాజా ఫొటో ఆ ఓసీఐ వెబ్‌సైట్‌లోనే ఎక్కించాలి. పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోపు చేయాలి, దీనికి ఫీజు లేదు.